పిల్లల్ని టైం ఆఫీసుకు పంపండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి,



ఏటా మే నెల మొదట్లో మా కర్మాగారం గేటు దగ్గరికి పిల్లలు వస్తారు. ఎంబీఏ మొదటి సంవత్సరం పరీక్షలు అప్పుడే రాసి ఉంటారు. చేతిలో కాలేజీ లెటర్‌హెడ్ మీద టైపు చేసిన ఉత్తరం ఉంటుంది. ‘మా విద్యార్థినికి మీ సంస్థలో 45 రోజులు ప్రాజెక్టు చేసుకునే అవకాశం కల్పించగలరు’ అని అందులో రాసి, కింద గుండ్రటి స్టాంపు వేసి ఉంటుంది. సెక్యూరిటీ వాళ్లు ఫోను చేస్తే నేనే కిందికి వెళ్తాను. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చిన పిల్లలు మంచినీళ్లు తాగి కుదుటపడ్డాక అడుగుతాను, ‘ఏం నేర్చుకుందామని వచ్చావమ్మా?’ అని. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. ప్రాజెక్టు పేరు మాత్రం ఉంటుంది: ఉద్యోగుల సంతృప్తిపై అధ్యయనం. కిందటేడు వచ్చిన పిల్లదీ అదే పేరు, అంతకు ముందేడు వచ్చిన అబ్బాయిదీ అదే. ఇంకాస్త మాటలయ్యాక మొహమాటపడుతూ అడుగుతారు, ‘మేడమ్, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?’

వాళ్లను తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఇరవై ఏళ్లకు పైబడింది, నేనూ అలాంటి కాగితమే పట్టుకుని అలాంటి గేటు ముందే నిలబడ్డాను. మానవ వనరుల నిర్వహణ చదివే పిల్లలకు పని నేర్పే దారి మన దగ్గర ఎక్కడో తెగిపోయింది. దాన్ని మళ్లీ కలపగలిగింది మీ మండలే అని నా నమ్మకం. ఎంబీఏలో చేరడానికి రాసే ఐసెట్ మీ తరఫునే జరుగుతుంది. డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిందీ మీరే. అందుకే వైస్ ఛాన్సలర్లకు వేర్వేరుగా రాయకుండా మీకే నలుగురి ముందూ రాస్తున్నాను.

నేను అడిగేది ఇది. హెచ్‌ఆర్ చదివే పిల్లల్ని వేసవిలో 45 రోజులు చుట్టాల్లా పంపడం ఆపండి. చదువు సాగుతున్నంత కాలం వారానికి రెండు రోజులు పనిచోటుకు పంపండి. ఒక్కో పిల్లకు అక్కడ ఒక పెద్ద దిక్కు ఉండాలి. కాలేజీ నుంచి ఒక అధ్యాపకుడు వచ్చి చూడాలి. పిల్ల ఏ రోజు ఏం చూసిందో, ఏం చేసిందో తన మాటల్లో డైరీ రాయాలి. ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆ సంగతి తరువాత చెబుతాను, ముందు ఒక మిల్లు గురించి చెప్పాలి.

నేను ఎంబీఏ చదివింది 2001-03లో. ప్రాజెక్టు కోసం విజయనగరం జిల్లాలో ఒక జనపనార మిల్లుకు వెళ్లాను. పర్సనల్ మేనేజర్ గారికి తీరిక లేక నన్ను గేటు పక్కన టైం ఆఫీసులో కూర్చోమన్నారు. రెండు కిటికీలు, ఒక పొడవాటి బల్ల, గోడ నిండా మేకులు, మేకులకు నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్లలు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు ఐదున్నరకే గేటు బయట జనం నిండిపోయేవారు. పర్మినెంటు వాళ్లు బిళ్లలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాక ఇంకా కొందరు మిగిలేవారు. వాళ్లు బదిలీ కార్మికులు. ఎవరైనా నాగా పెడితే ఆ యంత్రం మీదికి వెళ్లాల్సిన వాళ్లు. టైం కీపర్ గారు ఖాళీలు చూసుకుని నంబర్లు పిలిచేవారు. పిలుపు అందని వాళ్లు కాసేపు అక్కడే నిలబడి, హ్యాండిల్‌కు తగిలించిన క్యారేజీ విప్పకుండానే సైకిలు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయేవారు.

మొదటి మూడు రోజులూ నాకది ఉత్త గేటు రద్దీలాగే కనిపించింది. నాలుగో రోజు టైం కీపర్ గారు కిందటేడాది హాజరు పుస్తకం ఒకటి నా ముందుకు జరిపి, ‘అమ్మాయ్, ఈ నంబరు మనిషి ఎన్ని దినాలు లోపలికెళ్లాడో లెక్కపెట్టు’ అన్నారు. వేలు పెట్టి ఒక్కో గడీ లెక్కపెట్టాను. 231. ‘రెండొందల నలభైకి తొమ్మిది తక్కువ. అందుకే ఈయేడు ఆయనకు జీతంతో సెలవు లేదు. ఆ తొమ్మిది దినాలూ గేటు దగ్గరికి రాలేదనుకున్నావా? వచ్చాడు. నేనే పిలవలేదు, ఖాళీ లేదు’ అన్నారు ఆయన. ఫ్యాక్టరీల చట్టంలో 240 రోజుల నిబంధన నాకు నోటికి వచ్చు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ సెక్షను పక్కన ఒక మనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉంటాడని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. కాలేజీకి తిరిగి వెళ్లి, బదిలీ కార్మికుల మీద ప్రాజెక్టు రాస్తానన్నాను. ‘అదంతా ఎందుకు, వందమంది శాంపిలు ఉండాలి, పట్టికలు ఉండాలి, చార్టులు ఉండాలి’ అన్నారు. నా దగ్గర నిజంగా నింపించిన ప్రశ్నావళులు ముప్ఫై మాత్రమే. మిగిలిన డెబ్బై హాస్టల్ గదిలో కూర్చుని నేనూ నా స్నేహితురాళ్లూ టిక్కులు కొట్టాం. కార్మికుల్లో అత్యధికులు సంతృప్తిగా ఉన్నారని నా ప్రాజెక్టు తేల్చింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో బైండింగు చేయించాను. వైవాలో ఒక్కరూ గట్టి ప్రశ్న వేయలేదు, మార్కులు బాగానే వచ్చాయి. కొన్నేళ్లకు ఆ మిల్లు గేటుకు లాకౌటు నోటీసు అంటించారని పేపర్లో చదివినప్పుడు నేను కొట్టిన ఆ డెబ్బై టిక్కులూ గుర్తొచ్చాయి. ఇప్పటికీ గుర్తొస్తాయి. ఇవాళ నా దగ్గరికి వచ్చే పిల్లలు అదే పని జిరాక్స్ షాపులో ఇంకా సులువుగా చేయించుకుంటున్నారు. కంపెనీ పేరు మార్చి, సంవత్సరం మార్చి, పాత ప్రాజెక్టునే మళ్లీ ప్రింటు తీస్తున్నారు. ఒక పిల్లాడి రిపోర్టులో మా కర్మాగారం పేరు ఉండాల్సిన చోట రెండు పేజీల్లో ఏదో సిమెంటు ఫ్యాక్టరీ పేరు అలాగే మిగిలిపోయింది.

అధ్యక్షా, ఈ చదువు పుట్టింది వ్యాపార పాఠశాలల్లో కాదు. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సాంఘిక సేవా పాఠశాల పెట్టారు. ఇవాళ దాన్నే టిస్ అంటున్నాం. కార్మిక సంక్షేమం అక్కడ మొదటినుంచీ పెద్ద పాఠం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. 500 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాలని అందులో 49వ సెక్షను చెప్పింది. ఆ అధికారుల్ని తయారుచెయ్యడానికే దేశంలో చాలాచోట్ల సాంఘిక శాస్త్రాల వైపు నుంచి ఈ కోర్సులు వచ్చాయి. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఐఆర్‌పీఎం (పారిశ్రామిక సంబంధాలు, సిబ్బంది నిర్వహణ) చదివిన వాళ్లు ఉక్కు కర్మాగారం నుంచి షిప్‌యార్డు దాకా ఎక్కడ చూసినా కనిపించేవారు. సాంఘిక సేవా విద్యలో క్షేత్రానుభవం అంటే చివర్లో ఒక రిపోర్టు ఇచ్చేసి చేతులు దులుపుకునే పని కాదు. వారంలో కొన్ని రోజులు తరగతి, కొన్ని రోజులు క్షేత్రం, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. సోమవారం తరగతిలో విన్నది బుధవారం వార్డులోనో బస్తీలోనో కనిపిస్తుంది, అక్కడ అర్థం కానిది శుక్రవారం మాస్టారిని అడగవచ్చు. ఈ చదువు ఎంబీఏలో ఒక స్పెషలైజేషన్ అయ్యాక వారంవారం క్షేత్రంలో గడిపే ఆ రోజులు పోయి 45 రోజులు మిగిలాయి. నేను పోగొట్టుకున్నది అదే, ఇప్పుడు వెనక్కి ఇవ్వమని అడుగుతున్నదీ అదే.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కలిపి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. వాటి మంచిచెడ్డల మీద సంఘాలకూ యాజమాన్యాలకూ వాదాలున్నాయి, వాటిలోకి నేను ఇక్కడ వెళ్లను. మన విషయానికి వస్తే ఒక మార్పు చాలా పెద్దది. 500 మంది ఉంటేనే ఉండాల్సిన సంక్షేమాధికారి ఇక 250 మంది ఉన్నచోటే ఉండాలి. జీతంతో సెలవుకు 240 రోజుల లెక్క 180కి దిగింది. ప్రతి కార్మికుడి చేతికీ నియామకపత్రం ఇవ్వాలి. కాలపరిమితి మీద తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనికే గ్రాట్యుటీ లెక్క కట్టాలి. పరవాడ, అచ్యుతాపురం, శ్రీసిటీ, నాయుడుపేట, ఇలా ఎన్నిచోట్ల 250 నుంచి 500 మంది మధ్య పనిచేసే యూనిట్లు ఉన్నాయో మీకు తెలియనిది కాదు. అక్కడ కూర్చోవలసిన మనుషులు ఇప్పుడు మన కాలేజీల్లో చదువుతున్న పిల్లలే. ఒక్క నియామకపత్రం కూడా స్వయంగా రాయని పిల్లను అక్కడ ఎలా కూర్చోబెడతాం?

కిందటి విద్యాసంవత్సరంలో నేనొక ప్రయత్నం చేశాను. దగ్గర్లోని ఒక కాలేజీలో చెబుతున్న ఒక మేడమ్ నాకు పాత స్నేహితురాలు. టైంటేబుల్ సర్ది ఇద్దరు పిల్లల్ని మంగళ, బుధవారాలు మా దగ్గరికి పంపడానికి ఆవిడ ఒప్పుకున్నారు. వచ్చిన రోజే ఇద్దరి చేతా ఒక మాట తీసుకున్నాను: ఫైళ్లను ఫోనులో ఫొటో తీయకూడదు, ఎవరి జీతం ఎంతో గేటు దాటి చెప్పకూడదు. ఈ వృత్తిలో మొదటి పాఠం అదేనని నా ఉద్దేశం. సిలబస్‌లో దానికి ఒక పేరా కూడా లేదు.

వాళ్లిద్దరిలో అమ్మాయికి నేను ఒకే ఒక్క పని అప్పగించాను. మా క్యాంటీన్‌లో ముగ్గురు కాంట్రాక్టర్లు మారినా మారకుండా పనిచేస్తున్న ఒకావిడ ఉంది. కూతురి పెళ్లికి పీఎఫ్ డబ్బు తీసుకుందామని దరఖాస్తు పెడితే రెండుసార్లు తిరస్కరించారు. అమ్మాయి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆధార్‌లో పేరు చివర ‘అమ్మ’ ఉంది, పీఎఫ్ ఖాతాలో లేదు. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, ఇంకోచోట జూలై 1, సంవత్సరాలూ వేరు. రెండో కాంట్రాక్టరు ఆవిడ మానేసిన తేదీ వెయ్యకుండానే వెళ్లిపోయాడు. పైగా ఇద్దరు కాంట్రాక్టర్లు ఆవిడకు రెండు వేర్వేరు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్లు తెరిచారు. ఒక మనిషి పీఎఫ్ కార్యాలయానికి ఇద్దరు మనుషులుగా కనిపిస్తోంది.

‘నీ పేరు ఎందుకిలా రాయించుకున్నావు?’ అని అమ్మాయి అడిగింది. ఆవిడ పళ్లెం కడుగుతూనే, ‘నా పేరు నాను రాసుకున్నానేటి పాపా? ఆల్లే రాసీసినారు’ అంది. ఆ మాట అమ్మాయి డైరీలో రాసుకుంది. ఆ రోజు డైరీలో ఇంకేమీ లేదు.

ఆ తరువాత ఐదు నెలలు పట్టింది. పేరు, పుట్టిన తేదీ సరిచెయ్యడానికి జాయింట్ డిక్లరేషన్ పెట్టాల్సి వచ్చింది, దాని మీద యజమాని సంతకం కావలసి వచ్చింది. మొదటి కాంట్రాక్టరు ఇప్పుడు వ్యాపారంలోనే లేడు. మా స్టోరు గదిలో పాత వేతన రిజిస్టర్లు దుమ్ము దులిపి వెతికితే ఆవిడ నెలనెలా వేసిన వేలిముద్రలు దొరికాయి. ప్రధాన యజమానిగా కాంట్రాక్టరు కార్మికుల లెక్కలు మేమూ ఉంచుకోవాలన్న నిబంధన ఎందుకు పెట్టారో అమ్మాయికి అక్కడ అర్థమైంది. రెండు నంబర్లూ కలిసి, సర్వీసు అంతా ఒకచోటికి చేరాక అమ్మాయి పరుగెత్తుకుంటూ నా గదికి వచ్చింది. ‘మేడమ్, మొత్తం పదకొండేళ్లు దాటింది. పదేళ్లు దాటితే పింఛనుకు అర్హత కదా! ఇదంతా కలపకుండా ఎక్కడికక్కడ తీసేసుకుని ఉంటే పోయేది కదా!’ అంది. ఉద్యోగుల పింఛను పథకానికి పదేళ్ల సర్వీసు కావాలన్నది ఏ గైడులోనైనా ఉంటుంది. యజమాని వాటా 12 శాతంలో 8.33 శాతం ఆ పథకానికి వెళ్తుందని కూడా ఉంటుంది. ఆ రెండు వాక్యాలూ ఒక మనిషి ముసలితనాన్ని ఎలా మారుస్తాయో తెలియడానికి ఆ పిల్లకు ఐదు నెలలు కావలసి వచ్చింది. 45 రోజులకే వెళ్లిపోయి ఉంటే తిరస్కరించిన దరఖాస్తు మాత్రమే చూసి వెళ్లేది.

ఈ పని ఎక్కడిదాకా పోతుందో ఇంకో మాట చెప్పాలి, చెప్పడం కష్టమే అయినా. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక శిథిలాల కింద ఎవరెవరు ఉన్నారో తేల్చడానికి రోజులు పట్టింది, డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వాళ్ల ఇళ్లవాళ్లు ఫొటోలు పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నేను మా టైం ఆఫీసుకు వెళ్లి అప్పుడు నడుస్తున్న షిఫ్టు హాజరు మస్టరు తీసి చూస్తాను. లోపల ఉన్న ప్రతి మనిషి పేరూ, ఊరూ, ఇంట్లో ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరూ ఉన్నాయా అని. మస్టరు సరిగ్గా ఉంచడం గుమాస్తా పని అనుకునే పిల్లలు ఎంబీఏ పట్టా పుచ్చుకుని బయటికి వస్తున్నారు. ఒక్క నెల టైం ఆఫీసులో కూర్చుంటే అలా అనుకోరు.

ఇక భాష సంగతి. మా దగ్గరికి వచ్చే పిల్లలు ఇంగ్లీషులో పవర్‌పాయింటు చక్కగా చేస్తారు. క్యాంటీన్ వేళలు మారాయని కార్మికులకు తెలుగులో నోటీసు రాయమంటే అరగంట తడబడతారు. పని నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లను ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని 1946 నాటి చట్టమే చెప్పింది. ఒకసారి ఒక కార్మికుడి మీద మేం జరిపిన డొమెస్టిక్ ఎంక్వైరీలో నోట్సు రాసుకోవడానికి ఒక అబ్బాయిని కూర్చోబెట్టాను. నిద్రపోయాడని అభియోగం మోపిన కార్మికుడు చార్జిషీటు చేతిలో పట్టుకుని, ‘ఇందులో ఏముందో మీరే చదవండి బాబూ’ అని ఈ అబ్బాయినే అడిగాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని వీడు తెలుగులో చెప్పబోయి మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు. తన మీద ఉన్న ఆరోపణ ఏమిటో మనిషికి తెలియకపోతే ఆ విచారణకు అర్థం లేదు. మరుసటి వారం నుంచి మా దగ్గర చార్జిషీటుతో పాటు తెలుగు ప్రతీ ఇస్తున్నాం. ఆ మొదటి తెలుగు ప్రతి రాసింది ఆ అబ్బాయే. మీరు పాఠ్యప్రణాళిక మార్చేటప్పుడు ఒక్క పేపరైనా తెలుగులో పెట్టండి: నియామకపత్రం, నోటీసు, సంజాయిషీ పత్రం, చార్జిషీటు, జీతం చీటీ మీద వివరణ. ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు పెరుగుతున్న చోట ఆ భాషలు కాస్త తెలిసిన పిల్లలుంటే ఇంకా మంచిది.

డిగ్రీలో మీరు 2020-21 నుంచి తెచ్చిన పది నెలల ఇంటర్న్‌షిప్ గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆలోచన గొప్పది. మొదటి సంవత్సరం తరువాత పిల్లల్ని ఊళ్లోకి పంపి ఇంటింటికీ తిరగమన్న సామాజిక సేవా ప్రాజెక్టు నాకు చాలా నచ్చింది. కానీ అన్ని కాలేజీల నుంచీ అంతమంది పిల్లలు ఒక్కసారే బయటికి వచ్చేసరికి, నేర్పే చోట్లు దొరకక సర్టిఫికెట్లు అమ్మే వాళ్లు దొరికారు. మా ఊళ్లోనే డబ్బు కట్టించుకుని ఆన్‌లైన్‌లో నాలుగు వీడియోలు చూపించి ‘ఇంటర్న్‌షిప్ పూర్తి’ అని కాగితం ఇస్తున్న వాళ్లను చూశాను. తప్పనిసరి చేసిన వాళ్లే ఆ అనుభవం నిజమైనదా కాదా చూసే బాధ్యత కూడా తీసుకోవాలి.

తప్పు మావైపూ ఉంది. హెచ్‌ఆర్ ఇంటర్న్‌లంటే జీతం ఇవ్వక్కర్లేని టెలీకాలర్లు అనుకునే కన్సల్టెన్సీలు హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఉన్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జాబ్ పోర్టల్లో నంబర్లు చూసి, ‘నోటీసు పీరియడ్ ఎంత, ఇప్పుడెంత తీసుకుంటున్నారు’ అని అడగడమే పని. ఆరు నెలలు అలా చేసిన పిల్ల ఉద్యోగం కోసం వస్తే, హాజరు పుస్తకం ఎప్పుడైనా చూశావా అని అడిగాను. చూడలేదంది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్లను తీసుకున్నాను. అందుకని ఒకటి కోరుతున్నాను. కంపెనీలు పిల్లలకు మార్కులు వేస్తున్నట్టే పిల్లలు కూడా కంపెనీ గురించి మీకు నేరుగా, పేరు బయటపడకుండా రాసే వీలుండాలి. రెండేళ్లు వరసగా చెడ్డపేరు వచ్చిన చోటికి మూడో ఏడు పిల్లల్ని పంపకండి, అది మా కర్మాగారమైనా సరే.

చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేని చోట ఏం చేయాలని రాయలసీమ, పల్నాడు కాలేజీల వాళ్లు అడుగుతారు. మనుషులు పనిచేసే ప్రతిచోటా ఈ చదువుకు పాఠం ఉంది. ఆర్టీసీ డిపోలో కండక్టర్ల డ్యూటీ చార్టు వేసే అసిస్టెంటు పక్కన రెండు నెలలు కూర్చుంటే సెలవు, ఓవర్‌టైము, అలసట అంటే ఏమిటో తెలుస్తుంది. జిల్లా ఆస్పత్రిలో నర్సుల నైట్ డ్యూటీల జాబితా చూడాలి. మున్సిపాలిటీలో తెల్లవారుజామున మస్టరు వేసే చోట పారిశుద్ధ్య కార్మికులతో నిలబడాలి. ఇవన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్న చోట్లు. మీరు ఒక లేఖ రాస్తే తలుపులు తెరుచుకుంటాయి.

డబ్బు విషయం మాట్లాడకుండా పిల్లల్ని పంపడం న్యాయం కాదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు నెలకు 5000 రూపాయలు అన్నారు, కానీ ఎంబీఏ చదివిన వాళ్లకు అందులో చోటు ఇవ్వలేదు. అప్రెంటిస్‌షిప్ నిబంధనలకు 2019లో చేసిన సవరణ డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9000 అని నిర్ణయించింది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలనీ అప్పుడే పెట్టారు. బీబీఏ హెచ్‌ఆర్ పిల్లలకు ఆ దారి వాడుకునే కాలేజీలు నాకు చాలా తక్కువగా కనిపిస్తున్నాయి. మా దగ్గరికి వచ్చిన అమ్మాయి మొదటి నెలలో మధ్యాహ్నం భోజనానికి రావడం లేదని గమనించి అడిగితే, ఆటోకీ భోజనానికీ రెండింటికీ సరిపోవడం లేదంది. ఆ వారం నుంచి మా కంపెనీ బస్సూ క్యాంటీనూ ఇంటర్న్‌లకు కూడా ఉచితం చేయించాను. పెద్ద ఖర్చు కాలేదు. సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడే కనీసం ప్రయాణం, భోజనం ఉండాలని కాలేజీలకు చెప్పండి.

ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను తరచు అడిగే ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ‘ఉద్యోగి’ అన్న మాటలోనే ట్రైనీలనూ అప్రెంటిస్‌లనూ చేర్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పంపే ముందు ఆ కమిటీలో ఎవరున్నారో, ఫోను నంబరు ఏమిటో పిల్ల చేతిలో రాసి పెట్టడం కాలేజీ పని.

అధ్యాపకుల గురించి కూడా ఒక మాట, గౌరవంతోనే. మా దగ్గరికి ఇంటర్న్‌లను పంపే కాలేజీల నుంచి ఇన్నేళ్లలో మా గేటు లోపలికి వచ్చిన అధ్యాపకులు ఇద్దరే. వాళ్లకు ఇష్టం లేక కాదు. వారానికి ఇరవై పీరియడ్లు చెబుతూ, అడ్మిషన్ల కోసం ఇళ్లకు కూడా తిరగమంటే వాళ్లు ఫ్యాక్టరీకి ఎప్పుడు వస్తారు? క్షేత్ర పర్యవేక్షణను బోధన గంటలుగా లెక్కకట్టి పనిభారంలో చేర్చకపోతే ఈ ఉత్తరంలో నేను అడిగిన ఏదీ నడవదు. అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నది ఇదే.

నావైపు నుంచి నేను చేయగలిగింది చెబుతాను. వచ్చే విద్యాసంవత్సరానికి మా విభాగంలో నాలుగు కుర్చీలు ఇంటర్న్‌ల కోసం ఖాళీగా పెట్టడానికి మా మేనేజ్‌మెంటు ఒప్పుకుంది. టైం ఆఫీసులో రెండు, కాంట్రాక్టు కార్మికుల సెల్‌లో ఒకటి, క్యాంటీను, సంక్షేమం చూసే చోట ఒకటి. మంగళ, బుధవారాలు. ఏ కాలేజీ పిల్లలైనా సరే, మార్కులు అడగను. ఉదయం షిఫ్టు బస్సు గాజువాకలో ఐదుంబావుకు బయలుదేరుతుంది. మొదటి రోజు ఆ బస్సులో వాళ్లతో పాటు నేనూ ఉంటాను.

ఇట్లు,
పర్సనల్ విభాగంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఒక ఉద్యోగిని,
విశాఖపట్నం